వెచ్చటి నీళ్ళ గంట

మా ఊరి ఈతకొలను మూయించింది ఎవరని అడిగితే నేను సిటీ కౌన్సిల్ పేరు ముందు చెప్పను. వాళ్ళ వంతు తరవాత వస్తుంది, వాళ్ళనీ వదలను. ముందు మనవాళ్ళ సంగతి తేలాలి. తలుచుకుంటేనే ఒళ్ళు మండుతుంది. అయినా చెప్తాను.

మాది అమెరికాలో, మిషిగన్‌లోని నోవైకి ఆనుకుని ఉన్న చిన్న ఊరు. మా ఆయన కార్ల బ్రేకులకు సాఫ్ట్‌వేర్ రాసే మనిషి. మూడేళ్ళ కిందట ఒక ఉదయం కాఫీ కప్పు అందుకోబోతే ఆయన చెయ్యి లేవలేదు. నవ్వబోతే మూతి ఒక పక్కకే వెళ్ళింది. పక్షవాతం. యాభై ఇంకా నిండలేదు. మాట తొందరగానే తిరిగొచ్చింది, చెయ్యి కూడా చాలావరకు వచ్చింది. ఎడమ కాలు మాత్రం మొండికేసింది. ఇన్సూరెన్సువాళ్ళు ఇచ్చే ఫిజియోథెరపీ అయిపోయే సరికి ఆయన నాలుగు కాళ్ళ కర్ర పట్టుకుని, హాల్లోంచి వంటింటికి రావడానికే ఆయాసపడేవారు. చివరి రోజు ఆ థెరపిస్టు అమ్మాయి నన్ను పక్కకు పిలిచి, "నీళ్ళలో నడిపించండి. వెచ్చటి నీళ్ళయితే ఇంకా మంచిది. నేలమీద రాని అడుగు అక్కడ వస్తుంది" అంది.

వెచ్చటి నీళ్ళ కోసం నేను తిరగని చోటు లేదు. ప్రైవేట్ క్లబ్బులన్నీ చూశాను. తళతళలాడే అద్దాల గోడలు, జ్యూస్ బార్లు, అన్నీ ఉన్నాయి. నీళ్ళు మాత్రం చల్లన. పోటీలకు ఈదేవాళ్ళకి చల్లగానే ఉండాలట. దిగడానికి గోడకు కొట్టిన ఇనప నిచ్చెన. ఆయన దాన్ని చూసి, "దీని మీద దిగగలిగితే నాకీ నీళ్ళెందుకు?" అన్నారు. ఆఖరికి దొరికింది మా ఇంటి పక్కనే. లైబ్రరీ వెనక సిటీవాళ్ళ పాత రిక్రియేషన్ బిల్డింగు. ఇటుక గోడలు, నడవా పొడుగునా క్లోరిన్ వాసన, తలుపు తీస్తే కిర్రుమనే లాకర్లు. అందులో ఛాతీ లోతు దాటని ఒక చిన్న కొలను, నీళ్ళు గోరువెచ్చగా, దిగడానికి వెడల్పాటి మెట్లు, రెండు పక్కలా పట్టుకోవడానికి కడ్డీలు. మంగళవారం, గురువారం మధ్యాహ్నం ఒక గంట, నడవలేనివాళ్ళు నీళ్ళలో నడవడానికి. ఒక్క లైఫ్‌గార్డే ఉంటుంది కాబట్టి పదిమందికి మించి దిగకూడదు. ఊళ్ళో ఉండేవాళ్ళు సీజన్ పాస్ తీసుకుంటే చాలు, ఏ వారానికావారం ఆ గంట యాప్‌లో బుక్ చేసుకోవచ్చు.

మా ఆయన కృష్ణ ఒడ్డున పుట్టారన్న మాటేగానీ, పుష్కరాల్లో కూడా గట్టున కూర్చుని చెంబుతో పోసుకున్న రకం. మొదటిరోజు ఈత చెడ్డీ వేసుకుని, కర్ర పట్టుకుని, ఆ మెట్ల ముందు నిలబడి వణికిపోయారు. "ఈ అవతారంలో మీ అమ్మ నన్ను చూసుంటే పెళ్ళిచూపుల్లోనే లేచి వెళ్ళిపోయేది" అన్నారు. భయమేస్తే జోకులు ఎక్కువవుతాయి ఆయనకి. ఆ గంట నడిపే ఆవిడ, ఒకప్పుడు స్కూల్లో ఆటల టీచరట, తెల్లజుట్టు, గట్టి గొంతు, లైఫ్‌గార్డూ ఆవిడే. ఆవిడ ముందు దిగి, వెనక్కి నడుస్తూ, "నా కళ్ళలోకి చూడు, కాళ్ళకేసి చూడకు" అంది. ఈయన ఒక్కో మెట్టూ దిగారు. నీళ్ళు నడుం దాటాక కడ్డీ వదిలారు. ఒక అడుగు వేశారు, ఆగారు, ఇంకో అడుగు వేశారు. కర్ర గట్టుమీదే ఉండిపోయింది. అవతలి గోడ ముట్టుకుని వెనక్కి తిరిగి, "ఏమే, ఇది నా కాలేనా, ఒకసారి చూడు!" అని అరిచారు.

నేను ఆడవాళ్ళ డ్రెస్సింగ్ రూమ్‌లోకి వెళ్ళి భోరున ఏడ్చాను. అదేం దాచుకోవాల్సిన సంగతి కాదు.

ఆ సంతోషం పట్టలేక ఒక బర్త్‌డే పార్టీలో మనవాళ్ళకి చెప్పాను. మంచి విషయం నలుగురికీ చెప్పడం తప్పని ఇప్పటికీ అనుకోను. నడుం నొప్పులున్నవాళ్ళున్నారు, మోకాళ్ళరిగినవాళ్ళున్నారు, ఆపరేషన్లయినవాళ్ళున్నారు. వచ్చి నడవండి, బాగుపడండి అని చెప్పాను. అంతే. ఆ మరుసటి వారం నుంచి మొదలైంది.

మనకో అలవాటు ఉంది. బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపడం. అక్కడంటే బస్సులు తక్కువ, జనం ఎక్కువ, తప్పదు. ఇక్కడికొచ్చి నాలుగు బెడ్‌రూముల ఇళ్ళు కట్టుకుని, ఇంటికి రెండు కార్లు పెట్టుకున్నాక కూడా ఆ చెయ్యి ఊరుకోదేం? సోమవారం పొద్దున ఎనిమిదింటికి బుకింగ్ తెరిస్తే, నేను కళ్ళద్దాలు తుడుచుకునేలోపల పది సీట్లూ ఎగిరిపోయేవి. ఇదేమైనా రైలు తత్కాల్ టికెట్టా? ఫోన్లు పట్టుకుని కాచుక్కూచున్నవాళ్ళలో చాలామంది మనవాళ్ళే. సరే, పోనీ, వాళ్ళకీ నొప్పులే కదా అనుకున్నాను. మంగళవారం వెళ్ళి చూస్తే కొలనులో ఇద్దరు అమెరికన్ మామ్మలు, ఎదురుగా ఆ టీచరమ్మ. ఇంకెవరూ లేరు. మంచు పడుతోందని ఒకళ్ళు రాలేదు, ఆఫీస్ కాల్ ఉందని ఒకళ్ళు, పిల్లకి పియానో క్లాసని ఒకళ్ళు. బుక్ చేసినవాళ్ళు ఇళ్ళలో ఉన్నారు, బుకింగ్ దొరకని మా ఆయన తువ్వాలు భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డారు.

టీచరమ్మ మంచిది. "ఖాళీగానే ఉంది కదా, దిగు" అనేది. అలా చలికాలమంతా మా ఆయన పేరు లేకుండానే దిగారు, పేరు లేకుండానే నడిచారు. జనవరిలో, గ్యారేజీ ముందు పేరుకున్న మంచు నేనే పారతో ఎత్తి, కారు వేడెక్కించి, ఆయన్ని కూర్చోబెట్టి తీసుకెళ్ళేదాన్ని. ఎన్నడూ నాగా పెట్టలేదు. ఆయన ఇంట్లో కూడా కర్ర లేకుండా వంటగట్టు పట్టుకుని నిలబడి టీ కాచేదాకా వచ్చారు.

మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో మర్యాదగానే రాశాను. రాలేకపోతే ముందురోజు క్యాన్సిల్ చేయండి, అవసరమున్నవాళ్ళు వస్తారు అని. దండాల బొమ్మలు వచ్చాయి. "ష్యూర్ అండీ", "వెల్ సెడ్", "కొందరు అలా చేస్తున్నారు, చాలా బ్యాడ్" అని కూడా రాశారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం! లాభం లేదని ఆ గ్రూపు నడిపే ఆవిడకే ఫోన్ చేశాను. మూడు వీధుల అవతల ఉంటుంది. చెడ్డమనిషని అనలేను. మా ఆయన ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ మాకు క్యారేజీ పంపిన మనిషి. అందుకే ఇంకా కోపం.

"అయ్యో అక్కా, క్యాన్సిల్ చేస్తే మళ్ళీ దొరకదు కదా" అంది. "నా బ్యాక్ పెయిన్ నీకు తెలిసిందేగా. ఎప్పుడో ఒకరోజు కుదురుతుంది. ఉంచుకుంటే ఏం పోయింది?"

"వెళ్ళనిదానికి ఎందుకమ్మా?"

"ఎందుకైనా మంచిదని. అన్నయ్యగారిని ఎలాగూ లోపలికి పంపిస్తోందిగా ఆవిడ?"

ఏం పోయిందో వసంతకాలంలో తెలిసింది. కొలను నీళ్ళు వేడిచేసే యంత్రం పాతబడిందట. దాన్ని మార్చడమా, మానడమా అని సిటీవాళ్ళు తర్జనభర్జన పడ్డారు. అదే సమయంలో పార్కుల కోసం మేమంతా ఓటేసి పెంచుకున్న పన్ను డబ్బు చేతికొచ్చింది. దాంతో ఊరి చివర పెద్ద డోమ్ కడతారట. కింద నకిలీ పచ్చగడ్డి, పైన తెల్లటి గుడారం, లోపల ఏడాదంతా ఆటలు. శని ఆదివారాలు పక్క రాష్ట్రాలనుంచి టీములు వస్తాయి, హోటళ్ళు నిండుతాయి, రెస్టారెంట్లు నిండుతాయి. తన ఖర్చు తనే సంపాదించుకుంటుంది, ఇదీ వాళ్ళు అరిగిపోయేదాకా వాడిన మాట. పాత కొలను సంపాదించదు కాబట్టి మూసేస్తారు. నిర్ణయానికి ముందు సిటీ హాల్లో మీటింగ్ పెడతాం, వచ్చి మాట్లాడండి అని కార్డు వచ్చింది.

నేను మళ్ళీ గ్రూపులో రాశాను. ఈసారి మర్యాద కొంచెం తగ్గించాను. రండి, ఊరికే కూర్చున్నా చాలు, తలలు లెక్కపెడతారు అన్నాను. "డెఫినెట్‌గా వస్తాం" అన్నారు.

వచ్చారు కూడా. ఆయన్ని చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకెళ్ళేసరికి రెండు వరుసల నిండా మనవాళ్ళే. ఒక్క క్షణం నా గుండె నిండిపోయింది. ఆ తర్వాతే చూశాను, అందరూ నీలం రంగు జెర్సీలు వేసుకున్నారు. మన క్రికెట్ టీమువి. ఒకప్పుడు మా ఆయన బౌలింగ్ చేసిన టీమే అది.

"వదినా, మీరూ వచ్చారా! సూపర్" అని ఒక కుర్రాడు లేచి కుర్చీ ఇచ్చాడు. "డోమ్ శాంక్షన్ అయితే వింటర్‌లో కూడా నెట్స్ ఉంటాయి వదినా. అన్నని స్కోరర్‌గా పెట్టుకుంటాం. కదన్నా?"

ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు చూడండి, అలా ఉంది. ఆ అబ్బాయికి నిజంగా తెలియదు. అన్న కాలు కోసం నేనొచ్చానని తెలియదు, డోమ్‌కీ కొలనుకూ డబ్బు ఒక్క సంచీలోంచే వస్తుందని కూడా తెలియదు. తెలుసుకునే తీరిక లేదు. గ్రూపు నడిపే ఆవిడ కూడా వాళ్ళలోనే ఉంది, కొడుకు టీము జెర్సీ తనూ తొడుక్కుని. నన్ను చూసి తల వంచుకుంది.

సిటీ పెట్టుకున్న కన్సల్టెంటు తెరమీద బొమ్మలు చూపించాడు. కొలను గంటకి బుకింగులు ఎప్పుడూ ఫుల్, వచ్చేవాళ్ళు మాత్రం ఇద్దరో ముగ్గురో. "జనం కావాలంటారు, వాడుకోరు. ఇది నిజమైన అవసరం కాదు" అన్నాడు. చలికాలమంతా మంచులో వచ్చిన మనిషి అక్కడే, కర్రమీద గడ్డం ఆనించి కూర్చుని ఉన్నారు. ఆయన బుకింగ్‌లో లేరు కాబట్టి ఆ లెక్కలో లేరు.

నా వంతు వచ్చింది. వెళ్ళి మైకు నా ఎత్తుకి దించుకున్నాను. అప్పుడన్న మాటలు ఇప్పటికీ అంటాను. తన ఖర్చు తను సంపాదించుకునే పనయితే దానికి మీరెందుకు, ఏ వ్యాపారస్తుడో కట్టుకుంటాడు, లాభం చేసుకుంటాడు. ఊరి డబ్బు అవసరమయ్యేది లాభం రానిచోటే. ఆడగలిగినవాళ్ళకి ఎక్కడైనా చోటు దొరుకుతుంది, కారెక్కి వెళ్తారు, ఫీజు కడతారు. నడవలేనివాళ్ళ కోసం ఎవరూ క్లబ్ కట్టరు. పార్కులో ఒక టాయిలెట్, దారిలో ఒక బెంచీ, వెచ్చటి నీళ్ళు, ఇవి ఎవరికి వాళ్ళు కొనుక్కోగలిగేవి కావు, అందుకే కదా మా అందరి దగ్గరా పన్ను వసూలు చేసేది? పక్క రాష్ట్రం పిల్లలు వచ్చి గోల్ కొడితే హోటల్ ఓనర్ బాగుపడతాడు, మా ఆయన కాలికి ఏమిటి వచ్చేది?

ఒక కౌన్సిల్ మెంబరు మర్యాదగానే అడిగాడు. "మేడమ్, అంత అవసరమైతే బుక్ చేసుకున్నవాళ్ళు ఎందుకు రావటం లేదు?"

వెనక రెండు వరుసల నీలం జెర్సీలు. నాకు కావాలంటే ఏదో ఒకటి చెప్పి తప్పించవచ్చు. చలి అనవచ్చు, రోడ్లు అనవచ్చు. నేను వెనక్కి తిరిగి చెయ్యి చూపించాను. "వాళ్ళనే అడగండి. అదిగో, అక్కడ కూర్చున్నారు. సీట్లు పట్టి పెట్టుకుంటారు, రారు. అవసరమున్న మనిషి పేరు లేకుండా దొంగలా దిగుతున్నాడు" అన్నాను. మైకు ఆగిపోయింది, నా టైమ్ అయిపోయిందట.

ఓటు డోమ్‌కే పడింది. చప్పట్లు కొట్టారు. ఆగస్టు ఆఖరికి కొలను మూత.

పార్కింగ్ లాట్‌లో గ్రూపు ఆవిడ నా వెనకే పరిగెత్తుకొచ్చింది. కళ్ళ నిండా నీళ్ళు. "ఇంటి గుట్టు లంకకు చేటు అంటారక్కా. అమెరికన్ల ముందు మన పరువంతా తీసేశావు. నీకిది న్యాయంగా ఉందా?"

"లంక కాలింది గుట్టు చెప్పినవాడి వల్ల కాదమ్మా" అన్నాను. "తనది కానిది తెచ్చి పెట్టుకున్నవాడి వల్ల."

కారులో మా ఆయన సీటుబెల్టు పెట్టుకుంటూ, "మాట బాగుంది గానీ, క్యారేజీ పెట్టిన మనిషి కదే" అన్నారు. నాకు ఇంకా మండింది. క్యారేజీ పెట్టిన మనిషే కాలు లాగేస్తే ఏమనాలి? ఆ వేసవంతా గ్రూపులో నా మెసేజిలకు జవాబులు లేవు. పిలుపులూ తగ్గాయి. తగ్గితే తగ్గాయి.

ఆఖరి గురువారం వచ్చింది. ఆ వారం కూడా మాకు బుకింగ్ దొరకలేదు. అలవాటే కదా, ఎప్పటిలా టీచరమ్మ దింపుతుందిలే అనుకుని వెళ్ళాం. పార్కింగ్‌లో కార్లు చూసి ఏమిటా అనుకున్నాను. లోపలికెళ్తే కొలను నిండా ఆడవాళ్ళు. మనవాళ్ళే. పదిమందీ వచ్చారు. ఇన్నాళ్ళూ రానివాళ్ళు, మూసేస్తున్నారట, చివరిసారి ఒకసారి దిగుదాం అని వచ్చారు. నవ్వులు, నీళ్ళు చల్లుకోవడం, గట్టుమీద ప్లాస్టిక్ సంచుల్లో వరసగా ఫోన్లు. సిటీనుంచి ఒకాయన తాళాల గుత్తి, కెమెరా పట్టుకుని నిలబడ్డాడు, వాళ్ళ పత్రికలో వేసుకోవడానికి ఫొటోలట.

టీచరమ్మ మా ఆయన్ని చూసి, నీళ్ళలోకి చూసి, ఆ కెమెరా మనిషి వైపు చూసింది. "పదిమంది అయిపోయారు" అంది. ఆ మాట అనడానికి ఆవిడకి ఎంత కష్టమైందో మొహంలో కనిపించింది. "ఆ సిటీ మనిషి ఉండగా నేను దింపలేను."

మా ఆయన ఈత చెడ్డీతో, భుజాన తువ్వాలుతో బెంచీమీద కూర్చున్నారు.

"అన్నయ్యగారూ, ఫైవ్ మినిట్స్! ఫొటో అవగానే వచ్చేస్తాం" అని నీళ్ళలోంచి ఎవరో అన్నారు. ఐదు నిమిషాలు కాదు, అరగంట గడిచింది. ఎవరూ రాలేదు.

నేను లేవబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "పోనీలే. మనకి ఆఖరిరోజుగానీ వాళ్ళకి ఇవాళే మొదటిరోజు" అన్నారు.

ఆయనకి నవ్వొచ్చిందేమో, నాకు రాలేదు. చెయ్యి విడిపించుకుని గట్టు అంచుదాకా వెళ్ళాను. "సిగ్గు లేదూ మీకు?" అన్నాను. ఆ టైల్స్ గోడలకి తగిలి నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "ఏడాదంతా ఇళ్ళలో కూర్చుని దీన్ని చంపేశారు. ఇప్పుడు శవం పక్కన ఫొటోలా? మీరు పైకొస్తారా, నన్నే దిగి ఒక్కొక్కర్నీ జుట్టు పట్టుకుని లాగమంటారా?"

నవ్వులు ఆగిపోయాయి. కెమెరా మనిషికి తెలుగు రాకపోయినా అర్థమైనట్టుంది, కెమెరా దించాడు. ముందు గ్రూపు ఆవిడ పైకొచ్చింది. తడి బట్టలతో ఆయన ముందు నిలబడి "సారీ అన్నయ్యగారూ" అంది. ఆవిడ వెనకే ఒక్కొక్కరూ వచ్చారు. ఎవరూ నా మొహం చూడలేదు. నేను మాత్రం అందరి మొహాలూ చూశాను.

ఆయన దిగారు. ఖాళీ కొలనులో ఆ గోడనుంచి ఈ గోడకి, ఈ గోడనుంచి ఆ గోడకి, ఏదీ పట్టుకోకుండా నడిచారు. టీచరమ్మ గట్టుమీద ఆయనతో పాటే నడిచింది. కాసేపటికి గంట అయిపోయిందని ఈల వేసింది.

ఆయన మెట్ల దగ్గరికి వచ్చారు. కింది మెట్టు మీద కాలు పెట్టి ఆగిపోయారు. నడుం దాకా నీళ్ళు.

"రండి" అన్నాను.

"ఎక్కితే మళ్ళీ కర్రే కదే" అన్నారు. ఈసారి జోకు లేదు. "కాసేపు ఇలా నిలబడనీ."

నేను చెప్పులు విప్పి చుడీదారుతోనే దిగాను. ఇన్నాళ్ళూ బెంచీమీద కూర్చోవడమేగానీ ఎప్పుడూ దిగలేదు. వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను. పట్టుకోలేదు, అక్కడ ఆయనకి నేను పట్టుకోవాల్సిన అవసరం లేదు.

కెమెరా మనిషి గట్టు దగ్గరికి వచ్చి, "సారీ మేడమ్, బిల్డింగ్ తాళం వేయాలి" అన్నాడు.

"వేసుకోండి" అన్నాను. "మేం ఇందులోనే ఉంటాం."